ఒక్క రక్తం, అనేక అవయవాలు

గుమ్మలక్ష్మీపురం కొండల్లో పండుగకు మేకను కోసే పెద్దవారికి దేహంలోని అవయవాల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఏది కార్జమో, ఏది గుండెకాయో, ఊపిరితిత్తులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో వారికి బాగా తెలుసు. కార్జానికి అంటుకుని ఉండే చేదు తిత్తి చిట్లితే కూరంతా పాడవుతుందని తెలుసు గనుక దాన్ని ఎంతో జాగ్రత్తగా వేరుచేస్తారు. అయితే అవే అవయవాలు మన సొంత దేహంలో ఏం పని చేస్తున్నాయని అడిగితే చదువుకున్నవారు కూడా తడబడతారు. జబ్బు చేసి, డాక్టరుగారు ఫలానా అవయవం చెడిందని చెప్పేంతవరకు అది మనలో ఉందన్న తలంపే మనకు రాదు.

పౌలు అపొస్తలుడు కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో సంఘాన్ని దేహంతో పోల్చాడు. ఆ అధ్యాయాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. సంఘంలో కలహం వచ్చినప్పుడు కాపరులు ముందుగా తెరిచేది ఆ పేజీనే. కానీ పోలిక అర్థం కావాలంటే ముందు దేహం అర్థం కావాలి గదా! పౌలు పేరు పెట్టి చెప్పిన కన్ను, చెయ్యి, చెవి, పాదం పైకి కనబడేవి. మరింత బలహీనమైనవిగా తోచే అవయవాలు కూడా ఉన్నాయని, అవి లేకుంటే జరగదని ఆయన అన్నాడు గాని వాటి పేర్లు చెప్పలేదు. ఈ వారం ఆ కనబడని వాటి గురించి తెలుసుకుందాం. అందులోనూ ఒక అవయవం గురించి, మన మన్యం బిడ్డలను పీడిస్తున్న ఒక రక్తవ్యాధి గురించి కాస్త ఎక్కువగా మాట్లాడుకోవలసి ఉంది.

గుండెతో మొదలుపెడదాం. పిడికిలంత కండరం. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అంటే రోజుకు 7 వేల లీటర్ల పైమాటే. కుడివైపు భాగం చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపితే, ఎడమవైపు భాగం మంచి రక్తాన్ని దేహమంతటికీ పంపుతుంది. ఇందులో మనకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. గుండె గదుల నిండా రక్తం ఉన్నా, గుండె కండరం తనకు కావలసింది ఆ గదుల్లోంచి నేరుగా తీసుకోదు. రక్తాన్ని బయటకు పంపిన తరువాత, అందరితోపాటు తన వంతును చిన్న నాళాల ద్వారా తిరిగి పుచ్చుకుంటుంది. సంఘ కోశాధికారులు ఈ సంగతి కొంచెం ఆలోచించదగినది. ఆ చిన్న నాళాలు పూడుకుపోయినప్పుడు వచ్చేదే గుండెపోటు.

బైబిలు భాషలో గుండె అంటే ప్రేమకు గుర్తు మాత్రమే కాదు. హెబ్రీలో హృదయమనే మాటకు ఆలోచన, జ్ఞాపకం, నిర్ణయం కూడా చేరతాయి. తలతో ఆలోచిస్తామని పాత నిబంధన ఎక్కడా చెప్పదు. అసలు మెదడుకు అందులో ఒక పేరే లేదు. యోబు గ్రంథం 21వ అధ్యాయంలో ఎముకల్లోని మూలుగకు వాడిన హెబ్రీ మాటనే ఈనాటి హెబ్రీలో మెదడుకు వాడుతున్నారు. సెమినరీలో ఈ సంగతి విన్నప్పుడు మేమంతా నవ్వుకున్నాం. కాని మూలుగ చేసే పని తెలిశాక అది చిన్న పదవి కాదనిపిస్తుంది.

ఊపిరితిత్తుల్లో సుమారు 30 కోట్ల చిన్న గాలితిత్తులున్నాయి. వాటన్నిటినీ విప్పి పరిస్తే పెద్ద ఇంటి నేల అంతా కప్పవచ్చు. పీల్చిన గాలిలోని ప్రాణవాయువు రక్తంలోకి దిగేది, వాడిన గాలి బయటకు వచ్చేది అక్కడే. కట్టెల పొయ్యి పొగ, చుట్ట పొగ, క్షయ, ఈ మూడూ మన ప్రాంతపు ఊపిరితిత్తులకు పాత శత్రువులు. ఉత్తరాంధ్రలో కొందరు స్త్రీలు చుట్టను నిప్పు లోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సరుకు కారణమవుతుందని వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు.

ఇక మూత్రపిండాలు. వీటి విషయంలో మన తెలుగు బైబిలు చేసిన పని గమనించదగినది. లేవీయకాండంలో బలిపశువు గురించి చెప్పేటప్పుడు మూత్రగ్రంథులు అని తేటగా అనువదించారు. అదే హెబ్రీ మాట కీర్తనల్లోను, యిర్మీయాలోను మనుష్యుని గురించి వచ్చేసరికి అంతరింద్రియములు అయింది. 139వ కీర్తనలో దావీదు తన అంతరింద్రియాలను దేవుడే కలుగజేశాడని ఆశ్చర్యపడ్డాడంటే మూలభాషలో ఆయన చెప్పింది మూత్రపిండాల గురించే. దేవుడు పరిశోధించేది హృదయాన్ని, మూత్రపిండాలను అని యిర్మీయా అంటాడు. యూదుల తల్ముదులో అయితే మూత్రపిండాలు మనిషికి సలహా చెబుతాయని రబ్బీలు రాశారు. గౌరవం కోసం మన అనువాదకులు పేరు మార్చారు గాని, పేరు మార్చినందువల్ల ఆ అవయవానికి దక్కవలసిన గౌరవం కొంత తగ్గిందేమోనని మాకు అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ రెండు చిక్కుడు గింజల ఆకారపు అవయవాలు చేసే పని అంతా ఇంతా కాదు. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల వడపోత గొట్టాలున్నాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో పనికొచ్చేదంతా తిరిగి రక్తానికి అప్పగించి, ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా బయటకు పంపుతాయి. రక్తపోటును సరిచూస్తాయి. మరొక పని చాలామందికి తెలియదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే ఇవి కనిపెడతాయి. వెంటనే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును తయారుచేసి, ఇంకా ఎర్రకణాలు కావాలని ఎముకల మూలుగకు కబురు పంపుతాయి. మూలుగ ఎక్కడో తొడ ఎముకలోను, రొమ్ము ఎముకలోను ఉంది. మూత్రపిండం నడుము దగ్గరుంది. కబురు రక్తంలో వెళుతుంది, జవాబుగా రక్తమే వస్తుంది. ఇవి చెడినవారికి మొహం పాలిపోవడానికి కారణం ఇదే.

మన పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊళ్లకు ఊళ్లే మూత్రపిండాల వ్యాధితో కుంగిపోయాయి. మధుమేహం, రక్తపోటు లేని కూలివారికి, రైతులకు కూడా ఈ వ్యాధి వస్తోంది. దశాబ్దాలుగా పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని ఒక్కటిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రక్తశుద్ధి కోసం వారానికి రెండు మూడు సార్లు మంచమెక్కి, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఉండేవారిని చూస్తే, రెండు చిన్న అవయవాలు రేయింబవళ్ళు చప్పుడు లేకుండా చేసే పని ఏమిటో తెలుస్తుంది.

కాలేయం దేహం లోపలి అవయవాల్లో అన్నిటికంటె పెద్దది. కిలోన్నర వరకు తూగుతుంది. హెబ్రీలో దాని పేరుకు బరువైనది అని అర్థం. దేవుని మహిమకు వాడే మాట కూడా ఆ మూలం నుంచే వచ్చింది. తిన్న అన్నంలోని చక్కెరను దాచిపెట్టి అవసరమైనప్పుడు ఇవ్వడం, గాయమైతే రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు చేయడం, పైత్యరసాన్ని తయారుచేయడం, విషాలను విరగ్గొట్టడం దాని పనులు. కొంత భాగం కోసి తీసినా తిరిగి పెరిగే గుణం దీనికుంది. అందుకే బ్రతికున్న మనిషి తన కాలేయంలో ఒక భాగాన్ని మరొకరికి ఇవ్వగలుగుతున్నాడు.

అంత ఓర్పుగల అవయవం కూడా కలుషితమైన నీటికి లొంగిపోతుంది. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన పొరుగునున్న కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు ప్రబలాయి. వందమందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు బాలికలు చనిపోయారు. ఇటువంటి కామెర్లను తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ మలంతో కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా నోటిలోకి వెళ్లి కాలేయాన్ని పట్టుకుంటుంది. కాచి చల్లార్చిన నీళ్లు, సబ్బుతో కడిగిన చేతులు, ఇంతకు మించిన రక్షణ పేదవానికి లేదు. గెడ్డ నీళ్లు తేటగా కనబడతాయి. తేటగా కనబడినంత మాత్రాన శుభ్రమైనవి కావు.

ఇంతవరకు చెప్పినవాటి పేర్లయినా అందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయే అవయవం పేరు బైబిలులో ఎక్కడా లేదు. అది ప్లీహం. ఎడమ పక్కటెముకల కింద, కడుపు వెనుక పిడికిలంత పరిమాణంలో దాగి ఉంటుంది. తల్ముదులో రబ్బీలు ప్లీహమే మనిషిని నవ్విస్తుందని అన్నారు. ఎందుకలా అనుకున్నారో గాని, వైద్యులు మాత్రం చాలాకాలం దాన్ని అక్కరలేని అవయవంగానే చూశారు. మన తెలుగు పల్లెల్లో అది పెరిగినప్పుడు మాత్రమే దానికి పేరు వస్తుంది. కడుపులో బల్ల పెరిగిందంటారు. ఎడమవైపు చెయ్యి వేస్తే చెక్కలాగా గట్టిగా తగులుతుంది గనుక ఆ పేరు సరిగానే ఉంది.

ప్లీహం రక్తానికి చెల్లింపుల గేటు వంటిది. ముసలివైన ఎర్రకణాలను ఆపి, విరగ్గొట్టి, వాటిలోని ఇనుమును వృథా పోనివ్వకుండా తిరిగి మూలుగకు అందేలా చేస్తుంది. రక్తంలోకి జొరబడిన సూక్ష్మక్రిములను పట్టుకుంటుంది. ముఖ్యంగా నిమోనియాకు, మెదడువాపుకు కారణమయ్యే కొన్ని బాక్టీరియాలను అడ్డుకోవడంలో చిన్నపిల్లలకు ఇదే పెద్ద దిక్కు. ప్లీహం లేకుండా మనిషి బ్రతకగలడు. కాని మామూలు జ్వరమే అతనికి కొన్ని గంటల్లో ప్రాణాంతకం కావచ్చు. బలహీనంగా తోచే అవయవాల గురించి పౌలు చెప్పింది వైద్యశాస్త్రానికి అర్థం కావడానికి దాదాపు 19 శతాబ్దాలు పట్టింది.

కొండప్రాంతాల్లో బల్ల పెరగడానికి పాత కారణం మలేరియా. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అంతకు ముందు నుంచీ వైద్యులు ఒక ఊరిలో మలేరియా ఎంత ఉందో తెలుసుకోవడానికి పిల్లలను వరుసగా నిలబెట్టి, ఎందరికి బల్ల తగులుతోందో లెక్కపెట్టేవారు. మన్యం జ్వరం ఒక్క ప్లీహాన్నే కాదు, ఎన్నో అవయవాలను తిన్నది. సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను మందు ఆయన వినికిడిని పోగొట్టింది. సవర మాటలను చెవితో పట్టి రాసిన మనిషికి చెవులే పోయాయి.

ఇప్పుడు మలేరియా మునుపటంత లేదు. అయినా బల్ల పెరిగిన బిడ్డలు కనబడుతూనే ఉన్నారు. ఎడతెగని రక్తహీనత, పచ్చబడిన కళ్ళు, కీళ్లలో చెప్పుకోలేని నొప్పులు. తల్లి ఆ పసుపు చూసి కామెర్లనుకుని పసరు పోయిస్తుంది. కొన్నాళ్ళకు తగ్గినట్టే ఉంటుంది, మళ్ళీ వస్తుంది. చేతబడి అనేవారు ఒకరు, శాపం అనేవారు ఒకరు. ప్రార్థన కోసం మా దగ్గరకు తెచ్చేవారూ ఉన్నారు. ఆ బిడ్డల్లో కొందరికి ఉన్నది సికిల్ సెల్ వ్యాధి.

అదేమిటో కొంచెం ఓపికగా చూద్దాం. మన మూలుగ ప్రతి సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలను చేస్తుంది. ఒక్కొక్కటి సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. దాని నిండా ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ ఉంటుంది. హిమోగ్లోబిన్‌లోని ఒక గొలుసులో 146 పూసలుంటాయనుకోండి, ఆరవ పూస ఒక్కటి మారితే సికిల్ సెల్ వస్తుంది. 146లో ఒక్కటే! ఆ మార్పువల్ల, ప్రాణవాయువును దించేసిన తరువాత హిమోగ్లోబిన్ గట్టి కడ్డీల్లా పేరుకుపోయి, గుండ్రని మెత్తని కణం కొడవలిలా వంగిపోతుంది. కొడవలి కణం సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. 120 రోజులు బ్రతకవలసింది 10, 20 రోజుల్లోనే విరిగిపోతుంది. 1910లో చికాగోలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు ఈ వంగిన కణాల గురించి మొదట రాశాడు. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో దీన్ని మొదటిసారి గుర్తించారు.

ఒక్క పూస మారితే ఏ అవయవం బాధపడుతుంది? రక్తం వెళ్ళే ప్రతి అవయవమూ బాధపడుతుంది. పసిబిడ్డకు ఆరు నెలలు దాటాక చేతులు, పాదాలు వాచి ఏడుస్తుంది. కొంచెం పెద్దయ్యాక ఎముకల్లో నొప్పి. ఆ నొప్పిని చూసినవారెవరూ అది సాకు అనరు. ఊపిరితిత్తుల్లో కణాలు ఇరుక్కుంటే జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం. మెదడు నాళంలో ఇరుక్కుంటే చిన్న వయసులోనే పక్షవాతం. మూత్రపిండాలు నీటిని నిలుపుకునే శక్తి కోల్పోతాయి గనుక పెద్దపిల్లలు కూడా రాత్రి పక్క తడుపుతారు. వారిని కొట్టి, సిగ్గుపరచి ప్రయోజనం లేదు. విరిగిన కణాల పసుపు రంగుతో కాలేయానికి భారం పెరిగి కళ్ళు పచ్చబడతాయి. రక్తం పలచనై గుండె తన శక్తికి మించి కొట్టుకుని పెద్దదవుతుంది. తుంటి ఎముక తల కుళ్ళిపోయి యౌవనంలోనే కుంటుతారు. ఇక ప్లీహం, విరిగిన కణాలను పట్టే గేటు గనుక, మొదటి దెబ్బ తినేది అదే. ముందు వాచి బల్ల అవుతుంది. పదే పదే రక్తం అందక, చాలామందిలో చివరకు ఎండి ముడుచుకుపోతుంది. అప్పుడు బిడ్డకు కాపలాదారు లేనట్టే. ఒక అవయవం శ్రమపడితే అన్నీ దానితో శ్రమపడతాయని పౌలు చెప్పినదానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం మాకు ఎక్కడా కనబడలేదు.

కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం గిరిజనుల్లో పుట్టే ప్రతి 86 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. గిరిజనులకే ఎందుకు? ఇది వారి పాపమని, కొండదేవతల కోపమని అనేవారికి జవాబు చెప్పాలి. పుట్టుగ్రుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే ప్రభువు ఆ రెంటినీ కాదన్నాడు. శాస్త్రం చెప్పే జవాబు కూడా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఈ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరినుంచి మాత్రమే వస్తే బిడ్డకు వ్యాధి రాదు. అటువంటివారిని వాహకులంటారు. వాహకులకు ప్రమాదకరమైన మలేరియా నుంచి చాలా కాపుదల దొరుకుతుందని 1954లో ఆంథోనీ ఆలిసన్ అనే వైద్యుడు ఆఫ్రికాలో రుజువు చేశాడు. అంటే మలేరియా చంపుతున్న కాలంలో ఈ జన్యువున్నవారే బ్రతికి పిల్లలను కన్నారు. ఇది చెడ్డ రక్తం కాదు. మన పెద్దలను బ్రతికించిన రక్తం. రెండువైపుల నుంచీ కలిసినప్పుడే అది బిడ్డకు భారమవుతుంది.

ఈ వ్యాధికి మందులున్నాయి. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర, తల్లి గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌ను దేహం మళ్ళీ కొంత తయారుచేసేలా చేసి, కణాలు వంగకుండా ఆపుతుంది. నొప్పులు తగ్గుతాయి. దాన్ని వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఏళ్ళ తరబడి వాడాలి. మరొకటి ఫోలిక్ ఆమ్లం మాత్ర. మూలుగ అంత వేగంగా కొత్త కణాలు చేయాలంటే అది కావాలి. దీని వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అనే వ్యాధికి తన సోదరులను పోగొట్టుకున్నారు. అమెరికాలో ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మన ఆరోగ్య ఉపకేంద్రంలో గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలోనూ అది ఉంది.

ఇక్కడ ఒక మాట సంఘస్థులకు చెప్పక తప్పదు. ప్రార్థన చేశాం గనుక మాత్ర మానేశామనేవారు ఉన్నారు. మానిపించే బోధకులూ ఉన్నారు. యెషయా హిజ్కియా రాజుకు దేవుని వాగ్దానం తెచ్చాడు, అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టించాడు కూడా. కడుపు జబ్బు ఉన్న తిమోతికి పౌలు ప్రార్థన మాత్రమే చెప్పి ఊరుకోలేదు, ఆ కాలంలో మందుగా వాడినదాన్ని కొంచెం పుచ్చుకోమన్నాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. నొప్పితో మెలికలు తిరిగే బిడ్డను మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో పడుకోబెట్టి నీళ్లు కూడా ఇవ్వకపోవడం విశ్వాసం కాదు. సికిల్ సెల్ ఉన్నవారికి నీరు తగ్గితే కణాలు మరింత వంగుతాయి. వారు ఉపవాసం చేయకూడదు. చలిలో తడవకూడదు. తెల్లవార్లు జరిగే కూడికల్లో దుప్పటి లేకుండా కూర్చోకూడదు. కాపరులే ఈ మాట చెబితే వింటారు.

పెళ్ళిళ్ల విషయం ఇంకా ముఖ్యం. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకుడయ్యే అవకాశం సగం. ఏమీ లేకుండా పుట్టే అవకాశం మిగిలిన నాలుగో వంతు. మొదటి బిడ్డకు వచ్చింది గనుక రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు, ప్రతిసారీ లెక్క మొదటినుంచే. మన ప్రాంతంలో మేనరికాలు ఇంకా ఉన్నాయి. తాతగారి ఒక్క జన్యువు కొడుకు ఇంటికీ, కూతురు ఇంటికీ వెళ్లి, మనవల పెళ్ళిలో మళ్ళీ కలుసుకుంటుంది.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి వ్యాధిని లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. వేలిమీద చిన్న పోటు, ఒక్క చుక్క రక్తం. అనుమానం వస్తే మరొక పరీక్షతో రూఢి చేస్తారు. ఫలితం కార్డుమీద రాసి ఇస్తారు. ఆ కార్డును చాలామంది పెట్టె అడుగున దాచేస్తున్నారు, ముఖ్యంగా ఆడపిల్ల తల్లిదండ్రులు. వాహకురాలని తెలిస్తే సంబంధాలు రావని భయం. ఆ భయం అర్థం చేసుకోదగినదే, కాని లెక్క వేరు. వాహకురాలైన అమ్మాయి, జన్యువు లేని అబ్బాయిని చేసుకుంటే వారికి పుట్టే బిడ్డల్లో ఎవరికీ ఈ వ్యాధి రాదు. కాబట్టి అడగవలసింది అమ్మాయి కార్డు ఒక్కటే కాదు, ఇద్దరి కార్డులూ.

పెళ్ళి ప్రకటన చదివే ఆదివారానికి పరీక్ష అడిగితే ఆలస్యమైనట్టే. అప్పటికి ప్రధానం అయిపోయి ఉంటుంది, బట్టలు కొని ఉంటారు, చుట్టాలకు కబుర్లు వెళ్లి ఉంటాయి. ఏ తండ్రీ వెనక్కి తగ్గడు. అందుకని మేము యౌవనస్థుల కూడికల్లోనే, ఇంకా ఎవరి సంబంధమూ మాటల్లో లేనప్పుడే ఈ సంగతి చెబుతున్నాం. ఏఎన్‌ఎమ్మమ్మ, ఆశా కార్యకర్త వచ్చి మందిరం వరండాలోనే పరీక్ష చేస్తే పిల్లలు ఒకరినొకరు చూసి ధైర్యంగా వేలు చాపుతారు. ఇప్పటికే పెళ్ళయి, ఇద్దరూ వాహకులని తెలిసినవారు భయపడి దాక్కోవద్దు. గర్భం నిలిచిన వెంటనే వైద్యునికి ఆ సంగతి చెప్పండి, పుట్టిన బిడ్డకు పరీక్ష చేయించండి. ముందుగా తెలిసిన బిడ్డను కాపాడుకోవడం తేలిక. వ్యాధి ఉన్న చిన్నపిల్లలకు క్రమంగా పెన్సిలిన్ ఇస్తే నిమోనియా క్రిమి నుంచి గట్టి కాపుదల ఉంటుందని 1986లోనే తేలింది. టీకాలూ తప్పించకూడదు.

ప్లీహం దగ్గరకు మళ్ళీ వద్దాం. సికిల్ సెల్ ఉన్న చిన్నపిల్లల్లో ఒక్కోసారి దేహంలోని రక్తం చాలా భాగం ఉన్నట్టుండి ప్లీహంలో చిక్కుకుపోతుంది. కొన్ని గంటల్లోనే బిడ్డ పాలిపోతుంది. సమయానికి రక్తం ఎక్కించకపోతే బ్రతకదు. జమైకా దీవిలో వైద్యులు దీనికి ఒక ఉపాయం చేశారు. యంత్రాలు, స్కానింగులు కాదు. తల్లులకు బిడ్డ బల్లను చేత్తో తడిమి చూడడం నేర్పారు. అలా నేర్పిన తరువాత ఆ ఆపదతో చనిపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గిపోయింది. ఆ తల్లులు కూడా మన తల్లుల వంటివారే.

కొండమీద ఉండే మన తల్లులకూ ఇది నేర్పవచ్చు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ముడిపించాలి. మీ వేళ్ళను ఎడమ పక్కటెముకల కింద మెత్తగా ఆనించి, బిడ్డ ఊపిరి పీల్చేదాకా ఆగాలి. ప్లీహం పెరిగి ఉంటే ఊపిరితో కిందికి దిగి వేళ్ళకు తగులుతుంది. గట్టిగా నొక్కకూడదు. పక్కటెముక నుంచి ఎన్ని వేళ్ల దూరం వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి. దీన్ని ముందు ఏఎన్‌ఎమ్మమ్మ దగ్గర ఒకటి రెండుసార్లు చూసి నేర్చుకుంటే మంచిది. బిడ్డ బాగా ఉన్న రోజుల్లో కూడా చూస్తుండాలి, లేకపోతే తేడా తెలియదు. నిన్న రెండు వేళ్ళున్నది ఇవాళ నాలుగు వేళ్ళయితే, పెదవులు, అరచేతులు తెల్లబడితే, బిడ్డ నీరసించి కళ్ళు మూసుకుంటుంటే, లేదా జ్వరం గట్టిగా కాస్తే, తెల్లవారేదాకా ఆగవద్దు. బండి రాని ఊరైతే డోలీ కట్టి అయినా, ఆ రాత్రే భద్రగిరి ఆసుపత్రికి బయలుదేరాలి. కార్డు పెట్టెలో ఉంచకుండా వెంట తీసుకెళ్ళాలి. ఏ వ్యాధి అని ఆసుపత్రివారు వెతుక్కునే పని తప్పుతుంది.